తెవికీకి కోడ్ రాయడం ఎలా: మొదటి స్క్రిప్ట్ నుంచి మొదటి బాట్ దాకా

"నాకు పైథాన్ వచ్చండీ. తెలుగు వికీపీడియాకు ఏదైనా చేద్దామనుంది. ఎక్కడ మొదలుపెట్టాలి?" నెలకు ఒకరైనా ఈ ప్రశ్న అడుగుతారు. ఇన్నాళ్లూ ఎవరికి వారికి విడిగా జవాబు రాసి పంపాను. రాసిందే రాసి విసుగొచ్చింది కాబట్టి ఈసారి అంతా ఒకచోట పెడుతున్నాను.

ముందు పరిస్థితి అర్థం చేసుకోండి. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున మొదలుపెట్టిన ఈ తెలుగు వికీపీడియాలో, అంటే తెవికీలో, వ్యాసాలు ఇప్పుడు లక్ష దాటాయి. రోజూ కూర్చుని దిద్దేవాళ్లు మాత్రం ఒక పెళ్లిబస్సులో పట్టేంతమందే. కాబట్టి కోడ్ రాసేవాళ్లకు ఇక్కడ చేసినంత పని. అదే కారణంతో మీ బాట్ (మనిషి బదులు తనే పేజీలు దిద్దుకుంటూ పోయే ప్రోగ్రాం) రాత్రికి రాత్రి రెండువేల పేజీలు చెడగొడితే, దాన్ని చేత్తో బాగుచేయాల్సింది కూడా ఆ బస్సులోవాళ్లే. కింద రాసిన జాగ్రత్తలన్నీ ఆ ఒక్క సంగతిని దృష్టిలో పెట్టుకుని రాసినవే.

కావలసినవి

తెవికీలో ఒక ఖాతా. దాంతో చేత్తో చేసిన రెండుమూడు వందల దిద్దుబాట్లు. ఇది రూలేమీ కాదు, నా మాట. చేత్తో దిద్దనివాళ్లకు మూస (చాలా పేజీల్లో వాడుకునే టెంప్లేట్) ఎక్కడ విరుగుతుందో, వర్గం (పేజీలను గుంపుచేసే కేటగిరీ) ఎందుకు ఎర్రగా కనిపిస్తుందో తెలియదు.

బ్రౌజర్ ఉన్న మామూలు లాప్‌టాప్. సర్వర్ అద్దెకు తీసుకోనక్కర్లేదు. వికీమీడియావాళ్ల పాజ్ అనే సేవ బ్రౌజర్‌లోనే జూపిటర్ నోట్‌బుక్ (కోడ్ రాసి అక్కడికక్కడే నడిపే పేజీ) ఇస్తుంది, అందులో పైవికీబాట్ (పైథాన్‌లో బాట్లు రాసే లైబ్రరీ) ముందే ఎక్కించి ఉంటుంది. లాగిన్‌కు వికీ ఖాతా చాలు.

పైథాన్‌లో లిస్టు, లూపు, ఫైలు చదవడం, రెగెక్స్ (నమూనా ఇచ్చి మాటలు వెతికే పద్ధతి). గాడ్జెట్లు (వాడుకరులు అమరికల్లో టిక్ చేసి వాడుకునే స్క్రిప్టులు) రాయాలంటే కాస్త జావాస్క్రిప్ట్. పీహెచ్‌పీ అవసరమయ్యేది వికీని నడిపే మీడియావికీ సాఫ్ట్‌వేర్ లోపలికి దిగితేనే.

తెలుగు టైపింగ్, ఇన్‌స్క్రిప్ట్ అయినా లిప్యంతరీకరణ అయినా సరే. ఇక ఏ రోజు ఏం నడిపారో రాసుకోవడానికి ఒక టెక్స్ట్ ఫైలు. దీన్ని చాలామంది లెక్కచేయరు. ఆ ఫైలు విలువ 8వ అంచెలో తెలుస్తుంది.

1. పని మీరు కనిపెట్టొద్దు, వెతుక్కోండి

కొత్తగా వచ్చేవాళ్లలో సగంమంది ఒక పెద్ద ఆలోచనతో వస్తారు. ఏఐతో ఐదువేల వ్యాసాలు పుట్టిద్దామనో, మొదటిపేజీ డిజైన్ మొత్తం మార్చేద్దామనో అంటారు. వద్దు. ముందు తెవికీ చర్చావేదిక అయిన రచ్చబండకు వెళ్లి గత ఆరు నెలల చర్చలు చదవండి. "ఈ పని చేత్తో చేయలేక చస్తున్నాం" అనే ధోరణిలో ఎవరో ఒకరు రాసే ఉంటారు. మీ మొదటి పని అదే.

మంచి మొదటి పని ఎలా ఉండాలంటే: రెండొందల పేజీలకు మించకూడదు, అయిందో లేదో చూడగానే తెలిసిపోవాలి, తప్పయితే ఒక్క నొక్కుతో వెనక్కి తిప్పగలగాలి. సమాచారపెట్టెలో (వ్యాసం పక్కన వివరాలు చూపే పెట్టె, ఇన్ఫోబాక్స్) పాత పరామితి పేరును కొత్త పేరుగా మార్చడం మంచి పని. వ్యాసాల భాష మెరుగుపరచడం మంచి పనే, కానీ బాట్ చేసే పని కాదు.

పేజీలు మరీ తక్కువైతే అసలు బాట్ ఎందుకు? విండోస్ ఉంటే ఆటోవికీబ్రౌజర్ అనే ప్రోగ్రాం చాలు. అది మార్పును చూపిస్తుంది, మీరు చూసి భద్రపరచాలి. దాని అనుమతి జాబితాలో మీ పేరు ఎక్కాలి, అంతే. నన్నడిగితే మూడొందల పేజీల లోపు పనులన్నిటికీ ఇదే మేలు.

సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్న లోపాలైతే ఫ్యాబ్రికేటర్‌లో నమోదవుతాయి, కోడ్ గెరిట్‌లో సమీక్షకు వెళ్తుంది. అక్కడ కొత్తవాళ్ల కోసం గుర్తు పెట్టిన తేలికపాటి పనులు ఉంటాయి. ఆ దారి వేరు, ఈ వ్యాసంలో అటు వెళ్లడం లేదు.

2. మొదట మీ ఒక్కరికే పనిచేసే స్క్రిప్ట్ రాయండి

మీ వాడుకరి పేజీ కింద కామన్ డాట్ జేఎస్ అనే ఉపపేజీ సృష్టించుకుని అందులో జావాస్క్రిప్ట్ పెడితే, మీరు లాగిన్ అయినప్పుడు మాత్రమే అది నడుస్తుంది. ఇంకెవరికీ ఏమీ కాదు. భయం లేకుండా పాడుచేసుకోగల చోటు ఇదొక్కటే.

చిన్నదేదైనా రాయండి. దిద్దుబాటు పెట్టె పక్కన పదాల లెక్క చూపించే బొత్తాం చాలు. ఇంగ్లీషు వికీ నుంచి ఎవరిదైనా స్క్రిప్ట్ తెచ్చుకోవచ్చు, కానీ తెచ్చిన ప్రతివాళ్లూ తట్టుకుని పడే రాయి ఒకటుంది. అక్కడి కోడ్‌లో పేరుబరుల (పేజీల రకాన్ని చెప్పే ముందుమాట, నేమ్‌స్పేస్) పేర్లు ఇంగ్లీషులో రాసేసి ఉంటాయి. ఇక్కడ పేజీల పేర్లు వాడుకరి, మూస, వర్గం, దస్త్రం అని మొదలవుతాయి. కోడ్ ఆ ఇంగ్లీషు పేర్ల కోసం చూసి, దొరకక, ఏమీ చేయకుండా ఊరుకుంటుంది. ఎర్రర్ కూడా ఇవ్వదు. పేర్లు తీసేసి అంకెలు వాడండి: వాడుకరి 2, దస్త్రం 6, మూస 10, వర్గం 14. ఈ అంకెలు ఏ భాష వికీలోనైనా ఇవే.

హెచ్చరిక: స్క్రిప్ట్ ఎంత చెడ్డదంటే, ఒక్కోసారి దాన్ని సరిచేయాల్సిన పేజీని కూడా తెరవనివ్వదు. కంగారుపడొద్దు. పేజీ చిరునామా చివర ప్రశ్నార్థకం పెట్టి ఇంగ్లీషు అక్షరాల్లో సేఫ్‌మోడ్, సమానం గుర్తు, 1 అని కొట్టండి. మీ స్క్రిప్టులన్నీ పక్కకు తప్పుకుని పేజీ తెరుచుకుంటుంది. చిరునామాలో ముందే ప్రశ్నార్థకం ఉంటే దానికి బదులు యాంపర్‌సాండ్ పెట్టాలి.

3. బాట్‌కు వేరే ఖాతా, ముందే అనుమతి

మీ సొంత ఖాతాతో బాట్ నడపొద్దు. బాట్ అని తెలిసేలా పేరు పెట్టి కొత్త ఖాతా తెరవండి. దాని పేజీలో నడిపేది ఎవరు, చేసే పని ఏమిటి, ఆపాలంటే ఎక్కడ చెప్పాలి అన్నది మూడు వాక్యాల్లో రాయండి.

తరువాత సముదాయాన్ని అడగండి. అడిగే తీరులోనే సగం పని ఉంది. "బాట్ హక్కు ఇవ్వగలరు" అని ఒక్క లైను రాస్తే ఎవరూ పలకరు. ఏ పేజీలు, ఎన్ని, ఏం మారుతుంది, చేత్తో చేసి చూపించిన మూడు ఉదాహరణల లింకులు: ఇవి పెట్టండి. కొద్ది పేజీల మీద ప్రయోగం చేసి చూపించమంటారు. చేయండి. అందరికీ సమ్మతమైతే అధికారి హోదా ఉన్నవారు బాట్ గుర్తు ఇస్తారు. ఆ గుర్తు ఉన్న ఖాతా మార్పులు ఇటీవలి మార్పుల్లో మామూలుగా కనిపించవు. వందల బాట్ మార్పుల మధ్య మనిషి చేసిన ఒక్క మార్పు మరుగున పడకుండా ఉండటానికే ఈ ఏర్పాటు. అయితే ఇందులో ఇంకో సంగతీ ఉంది: గుర్తు వచ్చాక మీ తప్పులు కూడా ఎవరికీ కనపడవు.

జవాబు రావడానికి వారం పట్టొచ్చు. అందరూ ఉద్యోగాలు చేసుకుంటూ వచ్చేవాళ్లే. రెండో రోజే "ఎవరూ స్పందించలేదు కాబట్టి మొదలుపెడుతున్నాను" అనకండి.

పాస్‌వర్డ్ విషయం. మీ సొంత కంప్యూటర్లో నడిపితే ప్రత్యేక పేజీల్లో బాట్ పాస్‌వర్డ్ అని విడిగా తీసుకునే వీలుంది. దానికి దిద్దే హక్కు మాత్రమే ఇచ్చి, మిగతావి టిక్ చేయకుండా వదిలేయండి. పాజ్‌లో నడిపితే బాట్ ఖాతాతోనే లాగిన్ అవ్వండి, పాస్‌వర్డ్ ఎక్కడా రాయనక్కర్లేదు. అక్కడ మీరు పెట్టే ఫైళ్లు లోకమంతా చూడొచ్చని గుర్తుంచుకోండి.

4. జాబితా ముందు, కోడ్ తరువాత

ఏ పేజీలు మార్చాలో ఆ జాబితాను ముందు ఒక ఫైల్లోకి తీయండి. వర్గం నుంచి తీయొచ్చు. వికీ వెతుకులో ఇన్‌సోర్స్ అనే ఆదేశంతో పేజీ మూలపాఠంలో వెతికి తీయొచ్చు. ఎస్‌క్యూఎల్ వస్తే క్వారీ అనే సైటులో వికీ డేటాబేసు నకలు మీద నేరుగా ప్రశ్న నడపొచ్చు.

జాబితా వచ్చాక లెక్క చూడండి. రెండొందలు ఉంటాయనుకున్నది తొమ్మిదివేలు వస్తే మీ ప్రశ్న తప్పు. లేదా పని మీరనుకున్నంత చిన్నది కాదు. రెండింటిలో ఏదైనా సరే, ఆగి చూడాల్సిందే.

జిల్లాల ఉదాహరణ తీసుకుందాం. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. అంతకుముందు 2016 అక్టోబరు 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో ములుగు, నారాయణపేట చేరి 33. వేల గ్రామాల పేజీల్లో జిల్లా పేరు మారాలి. బాట్ కోసమే పుట్టిన పనిలా ఉంటుంది కదా. మండలం పేరు చూసి కొత్త జిల్లా పేరు రాయడమే అనుకుంటాం.

రామచంద్రపురం మండలం ఏ జిల్లాది? పాత తూర్పు గోదావరిలో ఒకటి ఉంది, 2022లో అది కోనసీమకు వెళ్లింది. పాత చిత్తూరులో ఒకటి ఉంది, అది తిరుపతి జిల్లాకు వెళ్లింది. సంగారెడ్డిలో ఇంకొకటి. మండలం పేరు ఒక్కటే చూసి రాసే బాట్ చంద్రగిరి పక్క ఊరిని గోదావరి ఒడ్డున పెడుతుంది. కాబట్టి జాబితాను పేర్లతో కలపొద్దు, ఊరి కోడ్ నంబరుతో కలపండి. తెవికీ గ్రామాల పేజీల్లో చాలావాటిలో 2011 జనగణన లొకేషన్ కోడ్ ఉంటుంది, ఆరంకెలు. అది ఒక ఊరికి ఒకటే. కోడ్ లేని పేజీలను వేరే ఫైల్లో పెట్టి చేత్తో చూడండి.

ఇంకో గొయ్యి. పేజీ పేరు మీ జాబితాలో "ళ్ల" అని ఉండి, వికీలో "ళ్ళ" అని ఉండొచ్చు. దారిమార్పు (ఒక పేరు నుంచి అసలు పేజీకి పంపే రీడైరెక్ట్) ఉంటే బాట్ దాని మీద పడి, అసలు పేజీని వదిలేసి దారిమార్పు పేజీలో రాసేస్తుంది. పేజీ తెరవగానే అది దారిమార్పా అని అడిగే లైను తప్పనిసరిగా ఉండాలి.

5. మార్పు సూత్రం: తెలుగు దగ్గరే దెబ్బతినేది

నా మొదటి బాట్ కథ ఇక్కడ చెప్పాలి. గ్రామాల పేజీల్లో కొన్నిచోట్ల "జిల్లా" బదులు దీర్ఘం పోయి "జిల్ల" అని పడింది. దాన్ని సరిచేద్దామని "జిల్ల" కనిపిస్తే "జిల్లా" అని మార్చమన్నాను. ఒక్క లైను కోడ్. నలభై పేజీలు గడిచేసరికి చర్చాపేజీలో ఒకాయన "బాట్ ఆపండి బాబూ" అని రాశారు.

ఏమైందో అక్షరం అక్షరం చూడండి. "జిల్లా" అన్న సరైన మాటలో మొదటి భాగం "జిల్ల"యే. చివర దీర్ఘం గుర్తు విడి సంకేతం. బాట్ ఆ మొదటి భాగాన్ని "జిల్లా" చేసింది, అసలున్న దీర్ఘం అలాగే మిగిలింది. ఫలితం: రెండు దీర్ఘాలు, రెండోది చుక్కల సున్నా మీద వేలాడుతూ. తప్పున్న చోట ఒక్కటి బాగుపడింది, ఒప్పున్న చోట ఇరవై చెడ్డాయి. పైగా జిల్లేడు చెట్టు, జిల్లెళ్ళమూడి కూడా అదే దెబ్బకు పోయాయి.

"వర్డ్ బౌండరీ (మాట మొదలు, చివర గుర్తించే రెగెక్స్ గుర్తు) పెడితే సరిపోయేదిగా" అంటారు. సరిపోదు. పైథాన్ రెగెక్స్‌కు హల్లు అక్షరమే, గుణింతపు గుర్తు మాత్రం అక్షరం కాదు. అంటే "జిల్ల"కూ దీర్ఘానికీ మధ్య దానికి మాట అయిపోయినట్టే కనిపిస్తుంది, పట్టేస్తుంది. జావాస్క్రిప్ట్‌లో ఇంకో రకం తమాషా: దానికి ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ తప్ప ఏవీ అక్షరాలే కావు. ఖాళీకీ తెలుగు అక్షరానికీ మధ్య సరిహద్దే కనపడదు, కాబట్టి ఏదీ పట్టుకోదు. ఒకటి అన్నిటినీ పట్టేస్తుంది, ఒకటి దేన్నీ పట్టదు.

చేయాల్సింది ఇది. యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన 128 స్థానాలున్నాయి, 0సి00 నుంచి 0సి7ఎఫ్ దాకా. "మాటకు ముందు గానీ వెనుక గానీ ఈ స్థానాల్లో ఏదీ ఉండకూడదు" అని లుక్‌బిహైండ్, లుక్‌అహెడ్ (మాటకు వెనకా ముందూ ఏముందో చూసే రెగెక్స్ షరతులు) రాయండి. విభక్తి చేరిన రూపాలు అప్పుడు తప్పించుకుంటాయి, నిజమే. "జిల్లలో", "జిల్లకు", "జిల్లలోని" అని ఒక్కొక్కటి విడి సూత్రంగా రాసుకోండి. సోమరితనంతో ఒకే సూత్రంతో సరిపెట్టాలని చూడొద్దు. "మండలము"ను "మండలం" చేసే సూత్రం "మండలములో" దగ్గర అదృష్టవశాత్తూ సరిగ్గా పనిచేస్తుంది. "మండలముల" దగ్గరకు వచ్చేసరికి "మండలంల" అంటుంది.

మరి కొన్ని, ఒక్కొక్కటీ ఎవరో ఒకరి ఆదివారం తినేసినవే:

ఐత్వం రెండు రకాలుగా రావొచ్చు. పీడీఎఫ్ నుంచి తీసిన జాబితాలో "హైదరాబాద్" అన్నప్పుడు ఐత్వం ఒకే సంకేతంగా కాక ఎత్వం, దాని కింద ఐత్వపు గుర్తు అని రెండు ముక్కలుగా ఉండొచ్చు. తెరమీద తేడా కనపడదు, పోల్చి చూస్తే సమానం కాదంటుంది. వికీ తన పాఠాన్ని ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి (ఇలాంటి ముక్కలను ఒకే సంకేతంగా కలిపే యూనికోడ్ రూపం) మార్చి దాచుకుంటుంది. మీ ఫైలును చదవగానే మీరూ ఎన్‌ఎఫ్‌సీ చేయండి.

కనపడని విడదీత అక్షరం, జడ్‌డబ్ల్యూఎన్‌జే. "సాఫ్ట్‌వేర్"లో ట్‌కూ వేకూ మధ్య అది ఉండబట్టే ఒత్తు పడకుండా విడిగా కనిపిస్తోంది. కొందరు అది పెడతారు, కొందరు పెట్టరు. వెతికేటప్పుడు రెండు రూపాలూ వెతకండి. "కనపడని చెత్త అంతా తీసేద్దాం" అని మాత్రం పూనుకోవద్దు, వేల మాటలు అతుక్కుపోతాయి.

మార్చకూడని చోట్లు. దస్త్రం పేరులో అక్షరం మారిస్తే బొమ్మ మాయమవుతుంది. వర్గం పేరులో మారిస్తే పేజీ లేని వర్గంలోకి వెళ్తుంది. వెబ్ చిరునామా, పుస్తకం పేరు, కొటేషన్ గుర్తుల మధ్య ఉన్నది: ముట్టొద్దు. మూసల్లో మార్పులకు రెగెక్స్ వదిలేసి, వికీపాఠాన్ని చదివి మూసలు విడదీసే లైబ్రరీ వాడండి. ఎండబ్ల్యూ పార్సర్ ఫ్రమ్ హెల్ అని దాని పేరు. పేరు చూసి నవ్వొచ్చినా, మూస లోపల మూస ఉన్నచోట అదొక్కటే దిక్కు.

ఇక బాట్‌కు అర్థం కానిది చరిత్ర. నరసరావుపేట ఇప్పుడు పల్నాడు జిల్లా కేంద్రం. 1930లో అక్కడ పుట్టిన ఒక నటుడి పేజీలో "గుంటూరు జిల్లా నరసరావుపేటలో జన్మించాడు" అని ఉంటే అది తప్పు కాదు. "పల్నాడు జిల్లా" అని మారిస్తేనే తప్పు. జిల్లా మార్పు పని గ్రామాల పేజీల సమాచారపెట్టె, మొదటి వాక్యం వరకే పరిమితం చేయండి. జీవితచరిత్రల జోలికి పోవద్దు.

చివరిగా ఒక కాపలా లైను. భద్రపరిచే ముందు కొత్త పాఠంలో రెండు గుణింతపు గుర్తులు పక్కపక్కన ఎక్కడైనా ఉన్నాయా అని చూసి, పాతదాంట్లో లేనిది కొత్తగా వచ్చి ఉంటే ఆ పేజీని వదిలేయమనండి. ఈ ఒక్క లైను ఉండుంటే నా నలభై పేజీలు బతికేవి.

6. ఉత్తుత్తి పరుగు

పైవికీబాట్‌కు సిమ్యులేట్ అనే ఐచ్ఛికం ఇస్తే అన్నీ చేస్తుంది, భద్రపరచడం మాత్రం చేయదు. తేడాలను ఒక ఫైల్లోకి రాయించండి. ఆ ఫైలును చదవండి. నిజంగా చదవండి, జరుపుకుంటూ పోవడం కాదు.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు: మొదటి ఇరవై పేజీలు చూసి "బాగుంది" అనుకోవడం. జాబితా అక్షరక్రమంలో ఉంటుంది కాబట్టి ఆ ఇరవైలో "అ"తో మొదలయ్యే ఊళ్లే ఉంటాయి. వాటిని ఎవరో ఒకరే ఒక వారంలో రాసి ఉంటారు, అన్నీ ఒకే మూసలో పోసినట్టుంటాయి. జాబితాను కలగాపులగం చేసి యాభై తీయండి. వాటిలో అతి పొడుగు పేజీలు రెండు, మొలకలు (మరీ చిన్న వ్యాసాలు) రెండు, పట్టికలున్నవి రెండు తప్పక ఉండేలా చూడండి.

మార్పు రాని పేజీలూ చూడాలి. జాబితాలో ఉండి బాట్ ఏమీ చేయకుండా వదిలేసినవి ఎన్ని? ఎందుకు? మీ సూత్రం ఎక్కడ గుడ్డిదో వాటిలోనే తెలుస్తుంది.

7. అసలు పరుగు

ఐదు పేజీలు. ఆగి చూడండి. యాభై. మరుసటిరోజు దాకా ఆగండి, ఎవరైనా ఏమైనా అంటారేమో. ఆపైన మిగతావి.

వేగం గురించి టెన్షన్ వద్దు. పైవికీబాట్ మామూలుగా ఒక్కో భద్రపరచడానికీ పది సెకన్ల ఎడం ఇస్తుంది. నిమిషానికి 6, గంటకు 360. ఐదువేల పేజీలకు దాదాపు 14 గంటలు. చాలామందికి ఇది నత్తనడకలా తోచి ఆ అంకె తగ్గిస్తారు. తగ్గించొద్దు. తప్పు దొర్లితే పది నిమిషాల్లో చెడేది అరవై పేజీలే, అరవైని చేత్తో తిప్పొచ్చు. మాక్స్‌లాగ్ అనే అమరిక 5 దగ్గరే ఉంచండి. సర్వర్లు అంతకన్నా వెనకబడి ఉంటే మీ బాట్ తనంతట తానే ఆగి మళ్లీ ప్రయత్నిస్తుంది. ఒకేసారి నాలుగు నోట్‌బుక్‌ల్లో నాలుగు బాట్లు తోలడం కూడా వద్దు.

దిద్దుబాటు సారాంశంలో "బాట్ మార్పు" అని రాస్తే అది సారాంశం కాదు. "సమాచారపెట్టెలో జిల్లా పేరు 2022 పునర్విభజన ప్రకారం" అని రాసి, రచ్చబండ చర్చకు లింకు ఇవ్వండి. ఆర్నెల్ల తరువాత చరిత్ర పేజీ తెరిచినవాళ్లకు అదే ఆధారం.

బాట్ చర్చాపేజీలో ఎవరైనా రాయగానే ఆగిపోయేలా కోడ్ పెట్టండి. ప్రతి పేజీకి ముందు "నాకు కొత్త సందేశం ఉందా" అని అడిగితే చాలు. బాట్లు ముట్టొద్దని చెప్పే నోబాట్స్ మూస ఉన్న పేజీలను పైవికీబాట్ తనే గౌరవిస్తుంది. ఎవరో ఇప్పుడే రాస్తున్నామని మూస పెట్టుకున్న పేజీలను మాత్రం మీరే వదలాలి.

రాత్రి పడుకునే ముందు బాట్ వదిలి నిద్రపోకండి. మీరు మెలకువగా ఉన్నప్పుడు, ఆపగలిగినప్పుడు నడపండి. డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్నవాళ్లకు ఇంకో మాట: మీ పగలు ఇక్కడ అందరూ నిద్రపోయే వేళ కావొచ్చు. మొదటి యాభై పేజీలైనా ఇక్కడి సాయంత్రానికి సరిపెట్టి నడపండి, చూసేవాళ్లుంటారు.

8. సరిచూసుకోవడం

పరుగు అయిపోయింది. ఇప్పుడు మళ్లీ మొదటి వెతుకును నడపండి. మిగిలిన లెక్క, మీరు కావాలని వదిలేసిన లెక్క ఒకటే కావాలి. కాకపోతే తేడా ఏమిటో కనుక్కోండి. అందుకే ఆ టెక్స్ట్ ఫైలు: ఎన్ని తీశారు, ఎన్ని మార్చారు, ఎన్ని వదిలారు, ఎందుకు.

వర్గాల్లో లెక్క వెంటనే మారకపోతే బెంగ వద్దు. మూసల ద్వారా వచ్చే వర్గాలు క్యూలో నిలబడి నెమ్మదిగా మారతాయి. ఒకరోజు ఆగండి. తొందరపడి రెండోసారి బాట్ తోలితే మొదటిసారి బాగా అయినవాటి మీద మళ్లీ పడుతుంది. మీ బాట్ రెండుసార్లు నడిచినా ఒకసారి నడిచినట్టే ఉండాలి. ప్రయోగశాలలో (పరీక్షల కోసం పెట్టుకునే పేజీ, శాండ్‌బాక్స్) ఒకే పేజీ మీద రెండుసార్లు నడిపి ఇది ముందే చూసుకోండి.

ఇరవై పేజీలు ఫోన్లో తెరిచి చూడండి. చదివేవాళ్లలో ఎక్కువమంది చూసేది అలాగే.

వారం తరువాత బాట్ ఖాతా మార్పుల జాబితాలో, వెనక్కి తిప్పినట్టు గుర్తుపడ్డవి వెతకండి. ఎవరూ మీకు వచ్చి చెప్పరు, మౌనంగా తిప్పేసి వెళ్లిపోతారు. ఒక్కోటి ఎందుకు తిప్పారో చదివితే, తరువాతి సూత్రంలో ఏం మార్చాలో అక్కడే దొరుకుతుంది.

9. మూసలు, గాడ్జెట్లు ముట్టుకునేముందు

మూసలో చేసే ఒక్క మార్పు వేల పేజీల్లో కనిపిస్తుంది. ప్రయోగశాల ఉపపేజీలో నకలు పెట్టుకుని పరీక్షించండి. తెలుగుకు ప్రత్యేకంగా ఒక చిక్కు ఉంది. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కోటి మూడు బైట్లు. "ఆంధ్రప్రదేశ్" అన్న మాట 12 సంకేతాలు, 36 బైట్లు. పేజీ పేరుకు గరిష్ఠ పరిమితి 255 బైట్లు, అంటే మనకు 85 సంకేతాలే, గుణింతాలూ పొల్లులూ కూడా లెక్కలోకే. ఒక పేజీలో మూసలన్నీ విప్పాక వచ్చే పాఠానికి 2 ఎంబీ హద్దు ఉంది. ఇంగ్లీషు వికీలో చక్కగా నడిచే భారీ మూసను తెచ్చి అనువదిస్తే ఇక్కడ మూడోవంతు దూరంలోనే ఆ గోడకు గుద్దుకుంటుంది. ఎలా తెలుస్తుందంటే, పేజీ అడుగున మూలాలు రావాల్సిన చోట మూసల పేర్లు లింకులుగా కనిపిస్తాయి. మూసను చిన్నది చేయడం, లేదా లువా అనే ప్రోగ్రామింగ్ భాషలో మాడ్యూల్‌గా రాయడం తప్ప వేరే మందు లేదు.

మీ స్క్రిప్ట్ పదిమందికి నచ్చి గాడ్జెట్ చేయాలంటే అంతర్వర్తి నిర్వాహకులను (ఇంటర్‌ఫేస్ అడ్మిన్లను) అడగాలి. 2018 నుంచి సైటు జావాస్క్రిప్ట్ మార్చే హక్కు మామూలు నిర్వాహకులకు కూడా లేదు. చదివే ప్రతివారి బ్రౌజర్‌లోనూ నడిచే కోడ్ కదా, సబబే.

రోజూ తనంతట తాను నడవాల్సిన బాట్ అయితే పాజ్ నుంచి టూల్‌ఫోర్జ్‌కు (బాట్లు నడపడానికి వికీమీడియా ఇచ్చే సర్వర్లు) మార్చండి. అక్కడ ఆ బాట్‌ను చూసుకోగల రెండో మనిషిని చేర్చుకోండి. మీకు ఉద్యోగం మారుతుంది, పిల్లలు పుడతారు, ఆర్నెల్లు తెవికీ వైపు చూడరు. ఆ ఆర్నెల్లలోనే బాట్ చెడుతుంది.

కోడ్, జాబితాలు, ఆ టెక్స్ట్ ఫైలు బాట్ ఖాతా ఉపపేజీల్లోనే పెట్టేయండి. పనికిరాని సూత్రాలు కూడా చెరపొద్దు. నాది "జిల్ల" సూత్రం ఇప్పటికీ అక్కడే ఉంది, పైన ఎర్ర అక్షరాల్లో "వాడొద్దు" అని, దాని కింద చెడిన నలభై పేజీల జాబితాతో సహా.